ఒక నమ్మకాన్ని మతం అని ఎప్పుడు అనాలి?

‘మతం’ అన్న మాటకు సంస్కృతంలో మొదటి అర్థం తలచినది, అభిప్రాయం. అభిమతం, సమ్మతం, ఐకమత్యం అన్నప్పుడు ఆ పాత అర్థమే పలుకుతుంది. శాస్త్ర గ్రంథాల్లో ‘ఇది ఫలానా ఆచార్యుడి మతం’ అంటే ఆయన అభిప్రాయం ఇదీ అని. ఐరోపా భాషల్లో వాడే మాట లాటిన్ ‘రెలిజియో’ నుంచి వచ్చింది. దాని పుట్టుక గురించి ప్రాచీనులే రెండు రకాలుగా చెప్పారు. మళ్లీ మళ్లీ శ్రద్ధగా పరిశీలించడం అన్న క్రియ నుంచి వచ్చిందని రోమన్ వక్త సిసిరో అన్నాడు. కట్టివేయడం అన్న క్రియ నుంచి వచ్చిందని తొలినాటి క్రైస్తవ రచయిత లక్టాన్షియస్ అన్నాడు. మన మాటలో బరువంతా తలపు మీద ఉంది, వాళ్ల మాటలో ఆచరణ మీద, బంధం మీద ఉంది. తెలుగులో ఈ చర్చ మొదలైనప్పుడల్లా ‘నమ్మకం ఉంటే మతమే కదా’ అని ఎవరో ఒకరు అనడానికి ఈ మాట స్వభావం కూడా కొంత కారణమేమో. నమ్మకం ఒక్కదాన్నే చూస్తే సగం కూడా చూసినట్టు కాదు.

ఒక సంగతి ముందే పెట్టుకుంటే మిగతా చిక్కులు చాలావరకు విడిపోతాయి. ‘ఇది మతమా?’ అని అడిగే ముందు, ఆ ప్రశ్న ఎవరు వేస్తున్నారో, జవాబుతో ఏం చేయబోతున్నారో తెలుసుకోవాలి. పన్ను మినహాయింపు ఇచ్చే అధికారి, సైన్యంలో చేరనన్న యువకుడి దరఖాస్తు చూసే బోర్డు, బడిలో ఏది బోధించకూడదో తేల్చే న్యాయమూర్తి, జనాభా లెక్కల గుమాస్తా, సమాజ శాస్త్రవేత్త, వీళ్లందరికీ ఒకే కొలబద్ద పనికిరాదు. గత శతాబ్దంలో అమెరికాలో పుట్టిన సైంటాలజీ సంగతి చూడండి. 1983లో ఆస్ట్రేలియా హైకోర్టు దాన్ని మతమే అంది. 1999లో ఇంగ్లండ్ చారిటీ కమిషన్ ధార్మిక సంస్థగా నమోదు చేయడానికి ఒప్పుకోలేదు. 2013లో అదే దేశపు సుప్రీంకోర్టు, వాళ్ల ప్రార్థనా మందిరంలో చట్టబద్ధంగా పెళ్లి చేసుకోవచ్చని చెప్పింది. కమిషన్ ముందున్నది దాతృత్వ చట్టం, ప్రజాప్రయోజనం. కోర్టు ముందున్నది ఒక జంట తమ పెళ్లిని ఎక్కడ చేసుకోవచ్చన్న ప్రశ్న.

అందరూ మొదట ఎత్తుకునే కొలబద్ద దేవుడు. 1871లో మానవ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టైలర్ ‘అలౌకిక ప్రాణుల మీద నమ్మకం’ అని మతానికి కనీస నిర్వచనం ఇచ్చాడు. 1890లో అమెరికా సుప్రీంకోర్టు, డేవిస్ వర్సెస్ బీసన్ కేసులో, ఇంకా బిగించింది. సృష్టికర్తతో తనకున్న సంబంధం గురించి మనిషికి ఉండే భావాలు, వాటివల్ల వచ్చే భక్తి, విధేయత, ఇదే మతం అంది. ఆ కేసు అమెరికాలో పుట్టిన మోర్మన్ శాఖవాళ్ల బహుభార్యాత్వం చుట్టూ నడిచింది కాబట్టి, తమది మత విషయం అన్న వాళ్ల వాదనను పక్కకు నెట్టడానికి ఇంత ఇరుకు నిర్వచనం చక్కగా సరిపోయింది.

ఇది ఎక్కడ తెగుతుందో భారత సుప్రీంకోర్టు 1954లో శిరూరు మఠం కేసులో సూటిగా చూపించింది. జస్టిస్ బి.కె. ముఖర్జియా ఆ అమెరికన్ నిర్వచనాన్ని ప్రస్తావించి, అది కచ్చితంగానూ లేదు, సరిపోయేదీ కాదు అన్నారు. బౌద్ధం, జైనం ఆదికారణమైన ఈశ్వరుణ్ణి ఒప్పుకోవు, అయినా అవి మతాలే. పైగా మతం అంటే సిద్ధాంతం ఒక్కటే కాదు, కర్మకాండ, పూజావిధానం, ఆహార నియమాలు, వేషధారణ దాకా అందులో భాగమే అని తీర్పు చెప్పింది. ఇక్కడ చాలామంది ఒక చిన్న పొరపాటు చేస్తారు. ‘బౌద్ధంలో దేవుళ్లు లేరు’ అనేస్తారు. థేరవాద బౌద్ధ గ్రంథాల నిండా దేవతలు ఉన్నారు. కాకపోతే వాళ్లూ జనన మరణ చక్రంలోనే ఉన్నారు, నిర్వాణం ఇచ్చే శక్తి వాళ్లకు లేదు. జైనులు పూజించే తీర్థంకరులు లోకాన్ని సృష్టించినవాళ్లు కారు. కాబట్టి టైలర్ నిర్వచనంలో ఈ రెండూ ఎలాగో ఇముడుతాయి గానీ, వాటి నడిబొడ్డు దానికి అందదు. నిర్వచనంలో ఇమిడినా అసలు సంగతి బయట మిగిలిపోతే ఆ నిర్వచనం పనిచేయనట్టే.

దేవుణ్ణి తీసేస్తే ఆ చోట ఏం పెట్టాలి? మతం మనిషి జీవితంలో చేసే పనిని చూద్దాం అన్నది రెండో దారి. మనిషికి అన్నిటికంటే మిన్నగా, చివరి ఆధారంగా నిలిచేదేదో అదే అతని మతం అన్నాడు క్రైస్తవ తత్వవేత్త పాల్ టిల్లిక్. 1965లో సీగర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ దారి పట్టింది. యుద్ధంలో చేరనని చెప్పేవాళ్లకు మినహాయింపు కావాలంటే ‘పరమాత్మ’తో సంబంధం ఉన్న నమ్మకం ఉండాలని అప్పటి చట్టంలో ఉండేది. దేవుణ్ణి నమ్మేవాడి జీవితంలో దేవుడికున్న స్థానమే, చిత్తశుద్ధితో కూడిన వేరే నమ్మకానికి ఉన్నా చాలు అని కోర్టు తేల్చింది. ఆ కాలపు దరఖాస్తులో ‘నా మతపరమైన శిక్షణ, విశ్వాసం కారణంగా’ అని ఒక వాక్యం ముద్రించి ఉండేది. సీగర్ అందులో ‘మతపరమైన’ అన్న మాటకు కొటేషన్ గుర్తులు పెట్టి సంతకం చేశాడు. 1970లో తీర్పు వచ్చిన మరో కేసులో వెల్ష్ ‘నా మతపరమైన శిక్షణ’ అన్న మాటల్నే కొట్టేశాడు. ఇద్దరికీ మినహాయింపు దక్కింది. తన నమ్మకాన్ని మతం అనడానికి మనిషే వెనకాడినా, ఆ చట్టం వరకు కోర్టు దాన్ని మతం కిందే లెక్కేసిందన్నమాట.

ఈ దారిలో ప్రమాదం అటువైపు నుంచి వస్తుంది. జీవితానికి చివరి ఆధారంగా దేశభక్తిని పెట్టుకున్నవాళ్లున్నారు, పార్టీని పెట్టుకున్నవాళ్లున్నారు, కళను పెట్టుకున్నవాళ్లున్నారు. అన్నిటినీ మతం అంటే ఆ మాట దేన్నీ వేరు చేయదు. అదే కోర్టు 1972లో యోడర్ కేసులో ఒక గీత గీసింది. ఆధునిక జీవితానికి దూరంగా బతికే ఆమిష్ అనే క్రైస్తవ శాఖ తల్లిదండ్రులు పిల్లల్ని ఎనిమిదో తరగతి దాటాక బడికి పంపేది లేదన్నారు. అది మత విశ్వాసం కాబట్టి నెగ్గింది. అమెరికన్ రచయిత థోరో లాగా సమాజపు విలువల్ని సొంత ఆలోచనతో తిరస్కరించి ఉంటే అది తాత్విక ఎంపిక అయ్యేది తప్ప మతం అయ్యేది కాదు అని ప్రధాన న్యాయమూర్తి బర్గర్ రాశారు. రెండేళ్ల కిందటి వెల్ష్ తీర్పు పక్కన పెట్టి చదివితే రెండూ సరిగ్గా అతకవు. ఒకచోట అర్థం చెప్పాల్సింది చట్టంలోని వాక్యానికి, రెండోచోట రాజ్యాంగానికి. అందుకే కొలత మారింది.

మూడో దారి సమాజ శాస్త్రానిది. 1912లో ఎమిల్ దుర్కైమ్ పవిత్రం, లౌకికం అన్న విభజనను పట్టుకున్నాడు. పవిత్రమైనవాటిని విడిగా పెట్టి, నిషేధాలతో కాపాడే నమ్మకాలు, ఆచారాలు కలిసి, వాటిని పాటించేవాళ్లందరినీ ఒకే నైతిక సమాజంగా కూర్చితే అది మతం. ఈ నిర్వచనంలో దేవుడు లేడు, కానీ గుంపు తప్పనిసరి. ఒంటరి మనిషి నమ్మకం ఎంత లోతైనదైనా దుర్కైమ్ లెక్కలో మతం కాదు.

చేతిలో పట్టుకుని పనిచేయడానికి నాకు అన్నిటికంటే ఉపయోగంగా కనిపించేది మతాల అధ్యయనకర్త నినియన్ స్మార్ట్ చెప్పిన ఏడు ముఖాలు. కర్మకాండ, అనుభూతి, పురాణగాథ, సిద్ధాంతం, నీతి నియమాలు, సంస్థ, చివరిది భౌతిక రూపం, అంటే కట్టడాలు, ప్రతిమలు, వస్తువులు. ఒక కాగితం మీద ఈ ఏడూ రాసి, మీరు పరిశీలిస్తున్న వ్యవస్థలో ఒక్కోదానికి ఏముందో ఎదురుగా నింపండి. ఇక్కడ ఎక్కువమంది తప్పటడుగు వేసేది గళ్లు లెక్కపెట్టడంలో. ఏడింటికి ఆరు నిండాయి కాబట్టి మతం అనేస్తారు. ఫుట్‌బాల్ క్లబ్ అభిమానులకు కూడా పాటలు, రంగులు, వీరగాథలు, స్టేడియం, సంఘం, ఒళ్లు పులకరించే అనుభూతి, అన్నీ ఉంటాయి. చూడాల్సింది గళ్ల మధ్య ఉన్న దారాల్ని. కర్మకాండ సిద్ధాంతం వల్ల పుడుతోందా? నీతి నియమాలు ఆ పురాణగాథలోంచి వస్తున్నాయా? సంస్థ కాపాడుతున్నది ఆ అనుభూతినేనా? అభిమాని పాట పాడతాడు. ఆ పాటకూ, అతను అబద్ధం చెప్పకూడదన్న నియమానికీ, చావు తర్వాత ఏమవుతుందన్న ప్రశ్నకూ ఏ దారమూ ఉండదు.

ఆ దారాన్ని వెతకడానికి సులువైన పద్ధతి ఒకటుంది. ఆచారం ఒకదాన్ని పట్టుకుని ‘ఎందుకు?’ అని వరసగా అడుగుతూ పోవడం. ఉపవాసం ఎందుకు? బరువు తగ్గడానికి. ఎందుకు తగ్గాలి? ఆరోగ్యానికి. అక్కడితో ఆగిపోయింది. ఇంకొకరిని అడిగితే ఇంద్రియ నిగ్రహానికి అంటారు. అదెందుకు? కర్మ బంధం తెగడానికి. తెగితే? మోక్షం. చేసే పని ఒకటే, కడుపు మాడటం ఒకటే, కానీ ప్రశ్నలు చివరికి ఆగిన చోటు వేరు. ఈ పద్ధతికీ ఒక లోపం ఉంది. ‘మా పెద్దలు చేశారు, మేం చేస్తున్నాం’ అని మొదటి ప్రశ్నకే ఆగిపోయే ఆదివాసీ సంప్రదాయాలు, గ్రామ ఆచారాలు చాలా ఉన్నాయి. సిద్ధాంతాన్ని మాటల్లో పెట్టుకోని సమాజాల్లో అది పాటలో, స్థలంలో, నిషేధంలో ఉంటుంది. జవాబు రాలేదు కాబట్టి మతం కాదని రాసేస్తే తప్పు పరిశీలకుడిదే. అక్కడ ‘ఎందుకు’ మానేసి, ‘చేయకపోతే ఏమవుతుంది?’ అని అడగాలి.

కోర్టుల్లో ఇలాంటి పరిశీలన మొదటిసారి పద్ధతిగా కనిపించింది 1979లో, అమెరికాలోనే, మాల్నాక్ కేసులో. న్యూజెర్సీ ప్రభుత్వ బడుల్లో మహేశ్ యోగి ప్రచారం చేసిన భావాతీత ధ్యానాన్ని ఐచ్ఛిక పాఠంగా పెట్టారు. ఇది శాస్త్రం, మతం కాదు అన్నది నిర్వాహకుల వాదన. మామూలుగా సంస్థలు తాము మతమని వాదిస్తాయి, ఇక్కడ తిరగబడింది. అయితే మంత్రం ఇచ్చే ముందు ప్రతి విద్యార్థీ పండ్లు, పూలు, తెల్ల చేతిరుమాలు పట్టుకుని ఒక పూజకు హాజరు కావాలి. అక్కడ సంస్కృతంలో స్తోత్రం చదువుతారు, గురువు చిత్రపటం ముందు నైవేద్యం పెడతారు. దీన్ని ప్రభుత్వ బడిలో నడపడానికి వీల్లేదని కోర్టు తేల్చింది. జడ్జి ఆడమ్స్ విడిగా రాసిన అభిప్రాయంలో మూడు గుర్తులు చెప్పారు. జీవితం, మరణం, మంచి చెడుల వంటి మౌలిక ప్రశ్నలకు జవాబివ్వాలి. ఒకటీ అరా బోధనతో ఆగకుండా సమగ్రంగా ఉండాలి. పూజలు, పండుగలు, గురువులు, సంస్థ వంటి బయటి చిహ్నాలు ఉండాలి. మూడోది లేకపోయినా మతం కావచ్చు అని కూడా ఆయనే అన్నారు.

ఈ మూడింటిలో ఎక్కువమంది తప్పేది రెండోదాని దగ్గరే. 1981లో పెన్సిల్వేనియా జైల్లో ఉన్న ‘మూవ్’ సంస్థ సభ్యుడొకరు తనకు వండని ఆహారమే ఇవ్వాలని కోరాడు. అతని నిజాయతీని కోర్టు శంకించలేదు. అయినా ప్రకృతికి దగ్గరగా బతకాలన్న ఒకే భావం చుట్టూ తిరిగేది సమగ్ర వ్యవస్థ కాదని మతం హోదా ఇవ్వలేదు. 1996లో గంజాయిని దివ్యమైనదిగా చెప్పుకున్న ఒక చర్చి వాదన కూడా ఈ కారణంతోనే వీగిపోయింది. మొత్తం విశ్వాసంలో ఆ మొక్క తప్ప మరేమీ లేదు.

ఆస్ట్రేలియా 1983 తీర్పును ఈ విషయం మీద ఆసక్తి ఉన్న ప్రతివాళ్లూ చదవాలంటాను. కేసు మామూలు పేరోల్ పన్ను, అంటే జీతాల మీద యజమాని కట్టే పన్ను గురించి. అయిదుగురు న్యాయమూర్తులూ సైంటాలజీకి అనుకూలంగానే తేల్చారు, కానీ మూడు దారుల్లో వచ్చారు. మేసన్, బ్రెనన్ రెండు షరతులు పెట్టారు. అలౌకికమైన ఒక శక్తి, వస్తువు లేదా సూత్రం మీద నమ్మకం, ఆ నమ్మకాన్ని ఆచరణలో పెట్టే ప్రవర్తనా నియమాలు. విల్సన్, డీన్ షరతులు పెట్టకుండా అయిదు లక్షణాలు చెప్పి, ఏ ఒక్కటీ దానంతటది నిర్ణయాత్మకం కాదన్నారు. మర్ఫీ అయితే తలుపులు బార్లా తెరిచారు. నా దృష్టిలో విల్సన్, డీన్ దారి మేలు. ఒకే ఇంటి పిల్లల్లో ఒకరికి తండ్రి ముక్కు, ఒకరికి తల్లి కళ్లు వస్తాయి. అందరిలో ఉన్న ఒకే లక్షణం ఏదని వెతికితే దొరకదు, అయినా వాళ్లు ఒక ఇంటివాళ్లని తెలుస్తూనే ఉంటుంది. మతాలూ అంతే. ఈ దారికీ ఖర్చుంది. ఫలితం ముందుగా ఊహించలేం, చూసే న్యాయమూర్తికి బాగా తెలిసిన మతమే చాటుగా నమూనా అయి కూర్చుంటుంది.

అలా కూర్చున్న నమూనా కళ్లారా చూడాలంటే అమెరికా పన్ను శాఖ వాడే 14 లక్షణాల జాబితా చూడండి. నియమితులైన పూజారులు, వాళ్లకు నిర్ణీత చదువు, క్రమం తప్పని సమావేశాలు, పిల్లలకు ఆదివారపు బడి, వేరే ఏ చర్చిలోనూ చేరని సభ్యులు. అది ‘చర్చి’ ఏదో గుర్తించడానికి తయారైంది, మతం ఏదో చెప్పడానికి కాదు. ఆ తేడా మరిచి వాడితే, సభ్యత్వం అన్న భావనే లేని సంప్రదాయాలు, ఒకే మనిషి రెండు మూడు చోట్ల మొక్కే సమాజాలు జాబితా బయటే ఉండిపోతాయి.

కొన్నిటిని కొలబద్దలుగా అసలు వాడకూడదు. మొదటిది నిజానిజాలు. 1944లో బల్లార్డ్ అనే మతబోధకుల కుటుంబం కేసులో, రోగాలు నయం చేస్తామని చెప్పి ఉత్తరాల ద్వారా డబ్బు సేకరించారన్న అభియోగం మీద, వాళ్ల బోధ నిజమా అని జ్యూరీ తేల్చకూడదని అమెరికా సుప్రీంకోర్టు అంది. తేల్చాల్సింది వాళ్లు దాన్ని నిజంగా నమ్మారా అన్నదే. అది చిత్తశుద్ధి ప్రశ్న, మతమా కాదా అన్నదానికి పూర్తిగా వేరు. బోధకుడు మోసగాడైనా బోధ మతం కావచ్చు. బోధకుడు నూటికి నూరుపాళ్లు నిజాయతీపరుడైనా బోధ మతం కాకపోవచ్చు. రెండో తప్పు కొలబద్ద లోపలి ఏకాభిప్రాయం. యుద్ధ ట్యాంకుల భాగాలు చేయనని ఉద్యోగం మానేసిన, యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన ఒకరి కేసులో, అదే మతానికి చెందిన తోటి కార్మికుడు ఆ పని తప్పు కాదన్నాడు. అయినా మొదటివాడి విశ్వాసం మత విశ్వాసమేనని 1981లో అదే కోర్టు ఇచ్చిన థామస్ తీర్పు చెప్పింది.

సంఖ్య కూడా కొలత కాదు. 2001 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లో సుమారు 3,90,000 మంది తమ మతం జెడై (‘స్టార్ వార్స్’ సినిమాల్లోని యోధుల సంఘం) అని రాశారు. గణాంక శాఖ వాళ్లను మతం లేనివాళ్లలో కలిపేసింది. 2016లో ఒక జెడై సంస్థ చారిటీ కమిషన్‌కు దరఖాస్తు చేస్తే, కావాలంటే పూర్తిగా లౌకిక జీవన తత్వంగానూ పాటించగల బోధ అది అని, తగినంత పొందిక లేదని తిరస్కరించారు. అంతకు ఆరేళ్ల ముందు, 2010లో, చాలా చిన్న సంఖ్యలో ఉన్న డ్రూయిడ్ల (ప్రాచీన బ్రిటన్ ప్రకృతి ఆరాధనను అనుసరించేవాళ్ల) సంస్థను అదే కమిషన్ నమోదు చేసింది. అయితే సంఖ్య, కాలం న్యాయంగా లెక్కకొచ్చే చోట్లూ ఉన్నాయి. జర్మనీలో మత సమాజానికి ప్రజా సంస్థ హోదా ఇస్తే పన్ను వసూలు హక్కు కూడా దక్కుతుంది. కాబట్టి నియమావళిని, సభ్యుల సంఖ్యను చూసి నిలబడుతుందన్న భరోసా ఉందా అని అడుగుతారు. అది హోదాకు సంబంధించిన ప్రశ్న, మత స్వేచ్ఛకు ఆ షరతు లేదు.

నిర్వచనం తప్పయితే నష్టం కాగితాలతో ఆగదు. ఇండోనేషియా రాజ్య సిద్ధాంతంలో మొదటి సూత్రం ఏకైక పరమేశ్వరుడి మీద నమ్మకం. ఆ గడిలో ఇమడటానికి బాలి హిందువులు సంగ్ హ్యాంగ్ విధి అన్న ఒకే పరమేశ్వరుణ్ణి ముందుకు తెచ్చారు. అక్కడి బౌద్ధులు ఆదిబుద్ధుణ్ణి ఆ స్థానంలో చూపించారు. కొలవడానికి తెచ్చిన గిన్నె లోపలి పదార్థపు ఆకారాన్నే మార్చింది. గుర్తింపు పొందిన మతాలు ఆరు. వాటి బయట ఉన్న స్థానిక విశ్వాసాలవాళ్లు గుర్తింపు కార్డులో మతం గడిని ఖాళీగా వదలాల్సి వచ్చేది. 2017లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం వాళ్ల విశ్వాసాన్ని కూడా రాయాలని ఆదేశించింది. జపాన్‌లో దీనికి తలకిందులుగా జరిగింది. 1889 రాజ్యాంగం మత స్వేచ్ఛ ఇచ్చింది. షింతో ఆలయ వందనం మతం కాదు, పౌర ధర్మం అని ప్రభుత్వం ప్రకటించుకుంది. 1900లో ఆలయాల శాఖను మతాల శాఖ నుంచి విడదీశారు. మతం కాదన్నాక, దాన్ని ఎవరి చేతనైనా చేయించవచ్చు, మత స్వేచ్ఛ అడ్డురాదు.

చివరిగా, సొంత దరఖాస్తులు తయారుచేసుకునే సంస్థలు ఎక్కువగా దెబ్బతినే చోటు గురించి. అరవిందుల బోధ స్ఫూర్తితో పుదుచ్చేరి దగ్గర వెలసిన ఆరోవిల్ నిర్వహణను భారత ప్రభుత్వం తాత్కాలికంగా తీసుకుంటూ 1980లో చేసిన చట్టాన్ని సుప్రీంకోర్టులో ఎస్.పి. మిట్టల్ కేసులో సవాలు చేశారు. తమది మతశాఖ కాబట్టి మతశాఖలు తమ వ్యవహారాలు తామే చూసుకోవచ్చన్న రాజ్యాంగపు 26వ అధికరణం రక్షణ ఉందన్నది ఒక వాదన. మతశాఖ అనాలంటే ఉమ్మడి విశ్వాసం, ఉమ్మడి సంస్థ, ప్రత్యేకమైన పేరు ఉండాలి. అప్పటికే ఆరోవిల్‌ను నడిపిన శ్రీ అరవింద సొసైటీ తన నియమావళిలోనూ, పన్ను మినహాయింపు దరఖాస్తుల్లోనూ తాను మత సంస్థ కాదనీ, శాస్త్రీయ పరిశోధన సంస్థననీ చెప్పుకుని ఉంది. అరవిందుల బోధ తత్వశాస్త్రమే తప్ప మతం కాదని మెజారిటీ తేల్చడంలో ఆ కాగితాలకు బరువు దక్కింది. చట్టం చెల్లుతుందని ఒప్పుకుంటూనే జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఈ ఒక్క అంశంలో విడిపోయారు. ‘మాది మతం కాదు’ అని గురువు చెప్పినంత మాత్రాన అనుచరుల సమాజం మతశాఖ కాకుండా పోదన్నది ఆయన వైపు. సంస్థ కార్యదర్శి సంతకం పెట్టిన ఫారాన్ని, అనుచరుడు రోజూ ధ్యానంలో కూర్చునే తీరును ఎదురెదురుగా పెట్టి చదవాలంటే ఆ రెండు అభిప్రాయాలూ పక్కపక్కనే చదవాలి.